డీపీపీహెచ్‌లో రంగు పోయింది సరే, కణత్వచం నిలిచిందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. దానిమ్మ తొక్కను 70 శాతం ఇథనాల్‌లో నానబెట్టి సారం తీశారు. ఫ్రీ రాడికల్స్‌ని (జత లేని ఎలక్ట్రాన్ వల్ల చురుగ్గా చర్య జరిపే అణువులను) పట్టే శక్తిని రంగు పోవడాన్ని బట్టి కొలిచే డీపీపీహెచ్ పరీక్షలో అది విటమిన్ సి‌తో పోటీపడింది. ఎర్ర రక్తకణాలకు, రాడికల్స్‌ని పుట్టించే ఏఏపీహెచ్ కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచితే, సారం వేసిన గొట్టాల్లో కణాలు చిట్లడం దాదాపు ఆగిపోయింది. అందుకని "ఈ సారం కణత్వచాన్ని ఆక్సీకరణం నుంచి కాపాడుతుంది" అని థీసిస్‌లో రాయవచ్చా అని అడిగారు. ఇంట్లో పెద్దవాళ్లు ఇదే సారాన్ని క్యాప్సూల్‌లో పోసి వేసుకోవచ్చా అని అడుగుతున్నారని కూడా చివర్లో రాశారు.

మొదటిదానికి నా జవాబు: ఇప్పుడున్న ఫలితాలతో రాయలేరు. మరో మూడు నాలుగు ప్రయోగాలు చేస్తే రాయగలరేమో, ఆ ప్రయోగాలు ఏమిటో కింద చెబుతాను. రెండోదానికి జవాబు: వద్దు. ఇరవై ఏళ్లకు పైగా కణత్వచాల కొవ్వుల మీదే పనిచేస్తున్నాను. పండ్ల సారాల మీద వచ్చే థీసిస్‌లు చాలానే చదివాను. అన్నింటిలోనూ ఒకే చోట కాలు జారుతుంది. ఒక పదార్థం ఫ్రీ రాడికల్‌ని ఎంత బలంగా పట్టుకుంటుందన్నది కొలుస్తారు గానీ, ఎక్కడ నిలబడి పట్టుకుంటుందన్నది ఎవరూ అడగరు. కణత్వచం విషయంలో అసలు లెక్క బలానిది కాదు, చోటుది.

ముందు ఆ పొర సంగతి. కణత్వచం మందం సుమారు 5 నానోమీటర్లు. ఫాస్ఫోలిపిడ్ అణువులు రెండు వరుసలుగా, తలలు నీటివైపు, తోకలు లోపలివైపు పెట్టుకుని నిలబడి ఉంటాయి. ఆ తోకలు కొవ్వు ఆమ్లాలు. వాటిలో కొన్నింటికి ద్విబంధాలు ఉంటాయి, ఆ ద్విబంధాల వల్లే పొర గట్టిపడకుండా కదలికతో ఉంటుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న కార్బన్ మీది హైడ్రోజన్‌ను లాగేయడం చాలా తేలిక. ఒకే ద్విబంధం ఉన్న ఒలియిక్ ఆమ్లంలో అలాంటి కార్బన్ లేదు. రెండు ద్విబంధాల లినోలియిక్ ఆమ్లంలో ఒకటి, నాలుగున్న అరాకిడోనిక్ ఆమ్లంలో మూడు, ఆరున్న డీహెచ్ఏలో ఐదు. అందుకే ఒలియిక్‌తో పోలిస్తే లినోలియిక్ పది రెట్లకు పైగా వేగంగా ఆక్సీకరణం చెందుతుంది. మెదడు, కంటి రెటీనా పొరల్లో డీహెచ్ఏ ఎక్కువ కాబట్టి ఆ కణాలకు ఈ బెడద మరీ ఎక్కువ.

ఒక్క హైడ్రోజన్ పోయిందనుకోండి. అక్కడ మిగిలిన కార్బన్ రాడికల్ వెంటనే ఆక్సిజన్‌తో కలుస్తుంది. ఆక్సిజన్ నీటిలోకన్నా కొవ్వులో కొన్ని రెట్లు ఎక్కువగా కరుగుతుంది, అంటే పొర లోపల దానికి కొరత లేదు. ఇప్పుడు పుట్టింది పెరాక్సైల్ రాడికల్. అది పక్క తోకలోని హైడ్రోజన్‌ను లాగి తాను లిపిడ్ హైడ్రోపెరాక్సైడ్‌గా మారుతుంది, పక్కది రాడికల్ అవుతుంది. అది దాని పక్కదాన్ని. ఇలా ఒక్క దెబ్బకు పదుల సంఖ్యలో తోకలు పాడవుతాయి. పాత నూనె కనరు వాసన కొట్టడంలో జరిగే రసాయన చర్య ఇదే. సీసాలో నూనె పాడైతే పారబోస్తాం. కణం మాత్రం ఆ పొరతోనే బతకాలి.

పైగా ఆ హైడ్రోపెరాక్సైడ్ అక్కడితో చల్లబడదు. ఇనుము అయాన్ ఒకటి దగ్గరికొస్తే అది విరిగి మళ్లీ రాడికల్స్ పుడతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు ఇనుము తోడైతే ఎంత ఉధృతంగా ఆక్సీకరణం జరుగుతుందో ఫెంటన్ 1894లోనే చూపించాడు. ఇక్కడ నడిచేదీ దాదాపు అదే తరహా చర్య. విరిగిన ముక్కల్లోంచి మాలోన్‌డైఆల్డిహైడ్, హైడ్రాక్సీనోనెనాల్ లాంటి ఆల్డిహైడ్‌లు వచ్చి పొరలోని ప్రోటీన్లకు అతుక్కుంటాయి. అయాన్లను అటూ ఇటూ తోసే పంపులు మొరాయిస్తాయి, పొర కారడం మొదలవుతుంది.

ఇక్కడ కాపలా ఎవరిది? మొదటి పేరు విటమిన్ ఇ, అంటే ఆల్ఫా టోకోఫెరాల్. 1922లో ఎవాన్స్, బిషప్ దాన్ని కనుగొన్నారు. పొరలో అది ఎంత ఉంటుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు: సుమారు వెయ్యి ఫాస్ఫోలిపిడ్‌లకు ఒక్కటి. అంత తక్కువ సంఖ్యతో ఎలా నెట్టుకొస్తుంది? ఒకటి, వేగం. పెరాక్సైల్ రాడికల్ పక్క తోకను పట్టుకునే వేగం కన్నా టోకోఫెరాల్ దాన్ని పట్టుకునే వేగం వేల రెట్లు ఎక్కువ. రెండోది, నిలబడిన చోటు. దాని పొడవాటి తోక పొర లోపల దిగబడి ఉంటుంది, చర్య జరిపే తల మాత్రం ఉపరితలానికి దగ్గర్లో ఉంటుంది. కొవ్వు తోక మీద పెరాక్సైల్ సమూహం పుట్టగానే, దానికి నీటి మీద మక్కువ ఎక్కువ కాబట్టి, ఆ తోక పైకి వంగి ఉపరితలం వైపు తేలుతుందని చాలాకాలంగా ఒక వివరణ ఉంది. తేలిన చోటే టోకోఫెరాల్ తల కాచుకుని ఉంటుంది. మూడోది, మళ్లీ బతకడం. రాడికల్‌ని పట్టుకున్న టోకోఫెరాల్ తానే ఒక బలహీనమైన రాడికల్ అవుతుంది. దాన్ని నీటివైపు నుంచి విటమిన్ సి అందుకుని తిరిగి టోకోఫెరాల్‌గా మారుస్తుంది. ఈ చర్యను 1979లో నేరుగా కొలిచి చూపించారు. విటమిన్ సి పొరలోకి అడుగు పెట్టదు, గట్టు మీద నిలబడి చేయందిస్తుంది.

ఈ బొమ్మ మనసులో పెట్టుకుని మీ సారంలో ఏముందో చూడండి. దానిమ్మ తొక్కలో ప్రధానమైనది ప్యూనికలాజిన్. అణుభారం 1084, ఒళ్లంతా హైడ్రాక్సిల్ సమూహాలే. అంత పెద్ద, నీటిని అంతగా ఇష్టపడే అణువు పొర లోపలికి దిగదు, నీటిలోనో ఉపరితలం మీదో ఉంటుంది. ఎరుపు రంగునిచ్చే ఆంథోసయనిన్‌లకూ, చక్కెర తగిలించుకున్న ఇతర ఫ్లావనాయిడ్‌లకూ దాదాపు ఇదే వర్తిస్తుంది. చక్కెర ఊడిపోయిన క్వెర్సెటిన్ లాంటివి కాస్త లోపలికి, ఫాస్ఫోలిపిడ్ తలల మధ్యకు దూరతాయి. లైకోపీన్, బీటా కెరోటిన్ లాంటి కెరోటినాయిడ్‌లు పూర్తిగా పొర గర్భంలో ఉంటాయి, కానీ నీళ్లు కలిసిన ఇథనాల్‌లోకి అవి సరిగా రావు. కాబట్టి మీ గొట్టంలో ఉన్నది ఎక్కువగా నీటి కాపలాదారులు, కొద్దిగా గట్టు కాపలాదారులు.

ఇక ఏఏపీహెచ్ ఏం చేస్తుంది? అది నీటిలో కరిగి, శరీర ఉష్ణోగ్రత దగ్గర నిదానంగా, ఒకే వేగంతో విడిపోతూ నీటిలోనే రాడికల్స్‌ని పుట్టిస్తుంది. అంటే మీ ప్రయోగంలో దొంగ వీధిలో ఉన్నాడు, కాపలావాడూ వీధిలోనే ఉన్నాడు. దొంగ గుమ్మం దాకా రాకముందే పట్టుబడ్డాడు. అది నిజమే, అబద్ధం కాదు. కానీ ఇంట్లో నిప్పు అంటుకున్నాక ఈ కాపలావాడు ఆర్పగలడా అన్నది మీరు ఇంకా పరీక్షించలేదు. "కణత్వచాన్ని కాపాడుతుంది" అన్న వాక్యం చదివేవాళ్లు ఆ రెండోదే అనుకుంటారు.

డీపీపీహెచ్ సంగతి ఇంకా సన్నని ఆధారం. 1958 నుంచి వాడుకలో ఉన్న పరీక్ష అది. మెథనాల్‌లో ఊదారంగు ద్రావణం, సారం కలిపితే పసుపు పచ్చబడుతుంది, 517 నానోమీటర్ల దగ్గర చదువుతాం. చవక, వేగం. సారాలు బ్యాచ్ బ్యాచ్‌కూ ఒకేలా వస్తున్నాయా అని చూసుకోవడానికి నేనూ వాడతాను. కానీ ఆ రాడికల్ శరీరంలో ఎక్కడా లేదు, మెథనాల్‌లో పొర లేదు, కొవ్వు లేదు. యాంటీఆక్సిడెంట్ శక్తిని గొట్టంలో కొలిచే ఓరాక్ విలువలదీ ఇదే కథ. అమెరికా వ్యవసాయ శాఖ తన వెబ్‌సైట్‌లో ఆహార పదార్థాల ఓరాక్ పట్టికను పెట్టి, ఆ అంకెలను అమ్మకాలకు దుర్వినియోగం చేస్తున్నారనీ, మనిషి ఆరోగ్యంతో వాటికి నేరుగా సంబంధం చూపలేమనీ 2012లో తీసేసింది. కాబట్టి థీసిస్‌లో మీ డీపీపీహెచ్ పట్టికను సారం గుణాలు చెప్పే అధ్యాయంలో పెట్టండి, కణత్వచం అధ్యాయంలోకి తేకండి.

ఇప్పుడు అసలు భయపెట్టే విషయానికి వస్తాను. మీ హీమోలిసిస్ (ఎర్ర రక్తకణాలు చిట్లడం) ఫలితం అంత అందంగా రావడానికి యాంటీఆక్సిడెంట్ గుణం కాక వేరే కారణం ఉండవచ్చు. దానిమ్మ తొక్క నిండా టానిన్‌లు. టానిన్ అంటే తోలును పదును చేసే పదార్థం, ప్రోటీన్‌కు అతుక్కుని దాన్ని బిగించడం దాని స్వభావం. ఎర్ర రక్తకణాల మీద అది రెండు రకాలుగా మిమ్మల్ని మోసం చేయగలదు.

మొదటి మోసం గొట్టంలోనే జరుగుతుంది. కణాలు చిట్లితే హీమోగ్లోబిన్ బయటికొస్తుంది, సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేరిన ద్రవం ఎంత ఎర్రగా ఉందో 540 నానోమీటర్ల దగ్గర చదువుతాం. కానీ టానిన్ హీమోగ్లోబిన్‌ను పట్టి అడుక్కి దింపేస్తుంది. ఎంత నమ్మకంగా దింపుతుందంటే, మొక్కల్లో టానిన్ ఎంతుందో కొలవడానికి రక్తాన్నే వాడే పద్ధతి ఒకటుంది. అంటే కణాలు మామూలుగానే చిట్లాయి, హీమోగ్లోబిన్ బయటికొచ్చింది, టానిన్‌తో కలిసి అడుగున పేరుకుంది, పైన ద్రవం తేటగా ఉంది, మీరు "రక్షణ 92 శాతం" అని రాసుకున్నారు. ఇది జరిగిందో లేదో కంటితోనే కొంత పోల్చవచ్చు. బాగున్న కణాల ముద్ద గొట్టం అడుగున నున్నగా, అంచులు సమంగా, ప్రకాశవంతమైన ఎరుపులో ఉంటుంది. గొట్టాన్ని మెల్లగా తిప్పితే పొగలా లేచి కలిసిపోతుంది. టానిన్ పట్టిన ముద్ద గోధుమరంగు తిరిగి, గరుకుగా, పలుకులు పలుకులుగా ఉంటుంది. తిప్పితే ముక్కలుగా విరుగుతుంది. మీ గొట్టాలను ఒకసారి అలా తిప్పి చూడండి.

రెండో మోసం ఇంకా సూక్ష్మం. టానిన్ కణం ఉపరితలం మీది ప్రోటీన్లకు అతుక్కుని పొరను బిగిస్తుంది. టానిక్ ఆమ్లంతో ఎర్ర రక్తకణాలను అలా మార్చి, వాటి మీద ప్రోటీన్లను అతికించి, యాంటీబాడీలను పరీక్షించే పద్ధతిని బాయిడెన్ 1951లో ప్రచురించాడు. అలాంటి కణం చిట్లకపోతే, లోపల కొవ్వు ఆక్సీకరణం ఆగిందని అర్థం కాదు. గోడకు పైనుంచి సిమెంటు పూత పూసినట్టు. లోపల ఇటుకలు చెదపట్టాయో లేదో పూత చెప్పదు.

దీనికి కంట్రోల్ (పోలిక కోసం పెట్టే ప్రయోగం) సులభం. కణాలను డిస్టిల్డ్ వాటర్‌లో పూర్తిగా చిట్లనిచ్చి, ఆ ద్రవానికి మీరు వాడిన గాఢతలోనే సారం కలపండి. ఏఏపీహెచ్ వద్దు. అదే 37 డిగ్రీలు, అంతే సమయం, అదే సెంట్రిఫ్యూజ్ వేగం. ఉప్పు గాఢత కూడా అసలు ప్రయోగంలోలాగే ఉండేట్టు సరిచేసుకోండి. పైద్రవంలో 540 దగ్గర విలువ పడిపోతే, మీ హీమోలిసిస్ అంకెల్లో కొంత భాగం, ఒక్కోసారి మొత్తం, టానిన్ పుణ్యమే. దానితోపాటు కణాలకు సారం మాత్రమే కలిపి, ఏఏపీహెచ్ లేకుండా ఒక వరుస పెట్టండి. సపోనిన్‌లున్న సారాలు సబ్బులా పనిచేసి వాటంతట అవే కణాలను చిట్లగొడతాయి. వీలైతే పాలీవినైల్‌పాలీపైరోలిడోన్ పొడితో టానిన్‌లను తీసేసిన సారాన్నీ పక్కన నడపండి. అయితే అది టానిన్‌తో పాటు యాంటీఆక్సిడెంట్ గుణమున్న ఇతర పాలీఫినాల్స్‌నూ కొంత పట్టుకుపోతుంది కాబట్టి, ముందూ వెనకా మొత్తం ఫినాల్స్ కొలిచి రాసుకోండి.

ఇవన్నీ దాటి మీ ఫలితం నిలబడితే, అప్పుడు చోటు ప్రశ్న. దానికి నాకు బాగా నచ్చిన ప్రయోగం కడగడమే. కణాలను సారంతో ఒక అరగంట ఉంచి, సెలైన్ బఫర్‌తో మూడుసార్లు కడిగి, ఆ తర్వాతే ఏఏపీహెచ్ కలపండి. కడిగాక కూడా రక్షణ మిగిలితే ఏదో పొరకు అంటుకుందనో, లోపలికి వెళ్లిందనో అర్థం. పూర్తిగా పోతే అది నీటిలో చేసిన పని మాత్రమే. చివరి శాతం ఒక్కటే కాక మొత్తం వక్రరేఖను గీయండి, అరగంటకోసారి చదువుతూ. ఏఏపీహెచ్ కలిపాక కణాలు వెంటనే చిట్లవు, కొంతసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. కణంలోని సొంత యాంటీఆక్సిడెంట్‌లు ఖర్చవుతున్న సమయం అది. తర్వాత ఒక్కసారిగా గీత పైకి లేస్తుంది. మంచి యాంటీఆక్సిడెంట్ ఆ నిశ్శబ్ద సమయాన్ని పొడిగిస్తుంది, గాఢత పెంచే కొద్దీ ఇంకా పొడిగిస్తుంది. అలా కాకుండా గీత సమయానికే లేచి, లేచే ఎత్తు మాత్రమే తగ్గితే, నాకు మళ్లీ టానిన్ మీదే అనుమానం.

తర్వాతి మెట్టు లైపోసోమ్‌లు. ఫాస్ఫోలిపిడ్‌లతో మనమే కట్టుకునే ఈ బుడగలను బ్యాంగమ్ 1960ల్లో వర్ణించాడు. వీటిలో ప్రోటీన్ లేదు కాబట్టి టానిన్ గోల చాలామటుకు తగ్గుతుంది. ఒక వరుసకు ఏఏపీహెచ్, ఇంకో వరుసకు కొవ్వులో కరిగే ఏఎంవీఎన్ వాడండి. రెండోది పొర లోపలే రాడికల్స్‌ని పుట్టిస్తుంది. పోలికకు విటమిన్ సి, ట్రోలాక్స్ (విటమిన్ ఇకి నీటిలో కరిగే రూపం), ఆల్ఫా టోకోఫెరాల్ మూడూ పెట్టండి. విటమిన్ సి నీటి రాడికల్స్‌ని ఆపి, లోపలివాటి ముందు చేతులెత్తేస్తుంది. టోకోఫెరాల్ రెండింటినీ ఆపుతుంది. మీ సారం వీళ్లలో ఎవరిలా ప్రవర్తించిందో అదే మీ జవాబు. నా అంచనా అడిగితే, విటమిన్ సి పక్కనే నిలబడుతుంది. అందులో తప్పేమీ లేదు. విటమిన్ సి‌లాగే అది కూడా గట్టు మీద నుంచి టోకోఫెరాల్‌ను తిరిగి బతికిస్తోందేమో చూడండి. పొరలో కొద్దిగా టోకోఫెరాల్ పెట్టి, సారం ఉన్నప్పుడూ లేనప్పుడూ అది ఎంతసేపట్లో ఖర్చవుతుందో, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో చూస్తే చాలు. సారం ఉంటే నెమ్మదిగా ఖర్చయిందని తేలితే, మీ థీసిస్‌లో అందరూ చదివే అధ్యాయం అదే అవుతుంది.

కొవ్వు ఆక్సీకరణాన్ని దేనితో కొలవాలి అన్నదాని మీద ఒక అనుభవం చెప్పాలి. నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో ముదురు ఊదా రంగు పండు సారం ఒకటి చేతికొచ్చింది. టీబార్స్ పరీక్ష పెట్టాను. మాలోన్‌డైఆల్డిహైడ్ థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో కలిసి గులాబీ రంగునిస్తుంది, 532 దగ్గర చదవాలి. సారం పెంచే కొద్దీ గులాబీ రంగు పెరిగింది. యాంటీఆక్సిడెంట్ అనుకున్నది ఆక్సీకరణాన్ని పెంచుతోందని రెండు వారాలు తల పట్టుకున్నాను. చివరికి కొవ్వే వేయకుండా సారం మాత్రమే ఆమ్లంలో వేడిచేసి చూశాను. అదే గులాబీ. ఆంథోసయనిన్‌లు ఆమ్లంలో ఎర్రబడి 520 చుట్టుపక్కల వెలుగును పీల్చుకుంటాయి. నేను రెండు వారాలు కొలిచింది పండు రంగును. పైగా పండు సారంలోని చక్కెరలు కూడా ఆ వేడిలో ఈ పరీక్షకు రంగు చూపిస్తాయి.

కాబట్టి టీబార్స్ తప్పనిసరైతే ప్రతి గాఢతకూ కొవ్వు లేని బ్లాంక్ పెట్టండి. వేడిచేసే ముందు, ఆక్సీకరణాన్ని ఆపే బీహెచ్‌టీ కలపండి, లేకపోతే వేడిచేస్తున్నప్పుడే కొత్త ఆక్సీకరణం జరుగుతుంది. అంతకన్నా మంచి దారి గులాబీ పదార్థాన్ని హెచ్‌పీఎల్‌సీలో విడదీసి కొలవడం. కణాల్లో అయితే సీ11 బోడిపీ అనే రంగును పొరలోకి ఎక్కించవచ్చు. ఆక్సీకరణం జరిగితే దాని వెలుగు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది, మైక్రోస్కోప్ కింద ఏ పొర ముందు పాడవుతోందో కనిపిస్తుంది. మాస్ స్పెక్ట్రోమెట్రీ అందుబాటులో ఉంటే ఆక్సీకరణ చెందిన ఫాస్ఫోలిపిడ్‌లనే నేరుగా లెక్కపెట్టండి. దానికి మించిన సాక్ష్యం లేదు.

మరో జాగ్రత్త. పొర మీద వాలిన అణువు రాడికల్‌ని పట్టకుండానే పొరను మార్చగలదు. రెస్వెరట్రాల్, కర్కుమిన్, జెనిస్టీన్ లాంటి పేరున్న మొక్కల పదార్థాలు పొర గుణాలనే మార్చి, అందువల్ల ఒకదానికొకటి సంబంధం లేని ప్రోటీన్ల పనిని మారుస్తున్నాయని 2014లో ఒక బృందం చూపించింది. మీ సారం ఏదైనా ప్రోటీన్ మీద ప్రభావం చూపిందని తర్వాత రాయాలనుకుంటే, లారడాన్ లాంటి రంగుతో పొర బిగువు మారిందో లేదో ముందు చూసుకోండి. ద్రావకం కంట్రోల్ ఎలాగూ ఉండాలి. ద్రావకంగా వాడే డీఎంఎస్ఓ తానే హైడ్రాక్సిల్ రాడికల్‌ని పట్టేస్తుందని చాలామంది మరచిపోతారు.

కణాలను పెంచే మీడియంలో చేస్తే ఇంకో ఉచ్చు. గాలిక్ ఆమ్లం లాంటి పాలీఫినాల్స్ ఆ మీడియంలో, పీహెచ్ 7.4 దగ్గర, తామే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. కణాలు చచ్చిపోతే క్యాన్సర్ కణాలను చంపిందంటారు, కణాలు ఆ కొద్దిపాటి దెబ్బకు అప్రమత్తమై గట్టిపడితే యాంటీఆక్సిడెంట్ అంటారు. రెండూ మీడియంలో పుట్టిన పెరాక్సైడ్ పనే కావచ్చు. ఒక వరుసలో పెరాక్సైడ్‌ను విడగొట్టే క్యాటలేజ్ ఎంజైమ్ కలిపి చూడండి, ప్రభావం మాయమైతే సంగతి తేలిపోతుంది.

ఇక శరీరం. మీరు వాడింది మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల సారం. అందులో అయిదో వంతు పాలీఫినాల్స్ అనుకుందాం, సగటు అణుభారం 500 అనుకుందాం. లెక్క వేస్తే 40 మైక్రోమోలార్. తిన్నాక రక్తంలోకి చేరే పాలీఫినాల్స్ మామూలుగా ఒకటి రెండు మైక్రోమోలార్ లోపే, చాలావాటివి అంతకన్నా బాగా తక్కువ. చేరినవి కూడా మొదటి రూపంలో ఉండవు. పేగు, కాలేయం వాటికి గ్లూకురోనైడ్, సల్ఫేట్ సమూహాలు తగిలిస్తాయి, చాలాసార్లు రాడికల్‌ని పట్టే హైడ్రాక్సిల్ సమూహం మీదే. ప్యూనికలాజిన్ అయితే ముందు ఎల్లాజిక్ ఆమ్లంగా విడిపోతుంది, పేగులోని బ్యాక్టీరియా దాన్ని యూరోలిథిన్‌లుగా మారుస్తాయి. అలా మార్చే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ సమానంగా ఉండదు. అదే రక్తంలో విటమిన్ సి 50 మైక్రోమోలార్ దరిదాపుల్లో, యూరిక్ ఆమ్లం 200 నుంచి 400 మైక్రోమోలార్ దాకా, కణాల లోపల వాటి సొంత యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయోన్ మిల్లీమోలార్‌లలో ఉంటాయి. ఈ జనసందోహంలో ఒక మైక్రోమోలార్ అతిథి రాడికల్స్‌ని పట్టే పనిలో పెద్దగా తేడా తేలేడు.

దీనికి ఆపిల్ మీద 2004లో వచ్చిన పని మంచి ఉదాహరణ. ఆపిల్ తిన్నాక రక్తప్లాస్మా యాంటీఆక్సిడెంట్ శక్తి పెరిగింది. ఫ్లావనాయిడ్‌ల వల్లేనని ఎవరైనా అనుకుంటారు. వెతికితే కారణం పండులోని ఫ్రక్టోజ్ అని తేలింది. అది శరీరంలో యూరిక్ ఆమ్లాన్ని పెంచింది, యూరిక్ ఆమ్లం పరీక్షలో యాంటీఆక్సిడెంట్‌గా కనిపించింది.

అలాగని పండ్ల పాలీఫినాల్స్ వల్ల ఉపయోగం లేదని నేననడం లేదు. కడుపు, పేగు గోడల కణాలు వాటిని పూర్తి గాఢతలో కలుసుకుంటాయి. భోజనంలోని కొవ్వు కడుపులోనే ఆక్సీకరణ చెందుతుంది, దాన్ని అక్కడే తగ్గించగలగడం నాకు నమ్మదగిన సంగతిలా కనిపిస్తుంది. ఇంకో దారి ఎన్ఆర్ఎఫ్2. పాలీఫినాల్స్ ఆక్సీకరణ చెంది క్వినోన్‌లుగా మారితే, కణం వాటిని చిన్న ముప్పుగా గుర్తించి ఈ ప్రోటీన్ ద్వారా తన సొంత రక్షణ ఎంజైమ్‌లను పెంచుకుంటుంది. కణత్వచానికి అసలు మరమ్మతు ఆ ఎంజైమ్‌లదే. జీపీఎక్స్4 అనే ఎంజైమ్‌ను 1982లో వేరుచేశారు. పొరలోని ఫాస్ఫోలిపిడ్ హైడ్రోపెరాక్సైడ్‌లను, పొరలో ఉండగానే, గ్లూటాథయోన్ సాయంతో హానిలేని ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. అది పనిచేయకపోతే ఇనుము చేతిలో పొర కాలిపోయి కణం చచ్చిపోతుంది. ఆ చావుకు 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు. మీ సారాన్ని నిజంగా కణాల్లో పరీక్షించాలనుకుంటే ఆర్ఎస్ఎల్3‌తో జీపీఎక్స్4‌ను ఆపి, కణాలు బతుకుతాయో లేదో చూడండి. యూరోలిథిన్ ఎ‌ను విడిగా కొని, ఒకటి రెండు మైక్రోమోలార్‌లో, దాన్నీ పక్కన పెట్టండి. 100 మైక్రోగ్రాముల సారం ఇచ్చే జవాబు కన్నా ఆ చిన్న మోతాదు ఇచ్చే జవాబు విలువైనది.

ఇంట్లోవాళ్ల క్యాప్సూల్ సంగతి. ప్రయోగశాలలో తీసిన సారంలో ఏ ద్రావకం ఎంత మిగిలిందో, తొక్క మీది పురుగుమందు ఎంత గాఢమైందో ఎవరూ కొలవలేదు. ఒక్క ఆ కారణం చాలు. దానికి తోడు, పండులో మంచిదని గాఢం చేసి ఇచ్చిన పదార్థం అదే మంచి చేస్తుందన్న హామీ లేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషుల మీద జరిగిన పరీక్షలో రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం పెరిగింది. ఆ ఫలితం 1994లో వచ్చింది. అమెరికాలో కేరెట్ అనే పరీక్షను ఇలాంటి కారణంతోనే 1996లో ముందుగానే ఆపేశారు. పెద్దవాళ్లు బీపీకో గుండెకో మందులు వాడుతుంటే ఇంకా జాగ్రత్త. గ్రేప్‌ఫ్రూట్ రసం పేగులోని సీవైపీ3ఏ4 ఎంజైమ్‌ను ఆపి కొన్ని మందుల మోతాదును రక్తంలో అమాంతం పెంచుతుందని 1989లో అనుకోకుండా బయటపడింది. పండును పండులా తిననివ్వండి. మీ సారం సీసా మీద "తినడానికి కాదు" అని రాసి ఫ్రీజర్‌లో పెట్టండి, వెలుతురు తగలకుండా.

ఇప్పటికి థీసిస్‌లో మీరు నిజాయితీగా రాయగలిగే వాక్యం ఇది: "ఈ గాఢతలో, నీటిలో పుట్టిన పెరాక్సైల్ రాడికల్స్ ఉన్నప్పుడు, సారం కలిపిన ఎర్ర రక్తకణాల పైద్రవంలో హీమోగ్లోబిన్ తక్కువగా కనిపించింది." పొడి పొడిగా ఉందని మీకు అనిపించవచ్చు, కానీ అందులో ప్రతి మాటనూ మీరు వైవాలో సమర్థించుకోగలరు. డిస్టిల్డ్ వాటర్‌లో చిట్లిన కణాల కంట్రోల్ ముందు పెట్టండి, ఒక పూట పని. 540 దగ్గర విలువలు సారం ఉన్నప్పుడూ లేనప్పుడూ ఎంతెంత వచ్చాయో, గొట్టం అడుగున ముద్ద ఏ రంగులో ఉందో రాయండి. ఏఎంవీఎన్ వరుసకు ఎంత కొవ్వు, ఎంత టోకోఫెరాల్ తీసుకోవాలో అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం.